రెండో పిలుపు

ఆమె పోయిందన్న కబురు నాకు ఒక పెళ్లికార్డు వెంట వచ్చింది. సారపాకలో ఒకప్పుడు మా పక్క క్వార్టర్లో ఉండే ఆవిడ, కొడుకు పెళ్లికి పిలవడానికి ఖమ్మంలో మా ఇంటికి వచ్చింది. బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చి, టీ తాగి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అంది.

"చెప్పుడు మరిచిన. మనకు ఇస్తరాకులు తెచ్చే ఆమె ఉండె గద, పోయింది. ఎల్లుండి దినమట."

"ఏమైందంట?"

"ఏమైతది? వయసైంది. జ్వరమొస్తే భద్రాచలం దవాఖానాకు తీసుకపోయిండ్రట. రెండ్రోజులకే పోయిందట. సరే మరి, మీరిద్దరు తప్పకుంట రావాలె. మళ్ల చెప్పించుకోవద్దు."

చివరి రెండు మాటలూ పెళ్లి గురించి. నేను "తప్పకుండా" అన్నాను. ఆవిడ వీధి మలుపు తిరిగాక నేనన్న మాట నాకే మళ్లీ వినిపించింది. ఆ మాట ఎవరి నోట విన్నా ఆకులామె ఏం చేసేదో నాకు తెలుసు.

ఏడుపు రాలేదు. టీ గ్లాసులు కడిగి బోర్లించాను. కార్డు టీవీ మీద పెట్టాను. మధ్యాహ్నం చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతుంటే ఆమె చేతులు గుర్తొచ్చాయి, అంతే. మనిషి పోయిందంటే లోపల ఏదో ఒకటి కదలాలి కదా అని కాసేపు చూశాను. ఏమీ కదల్లేదు. పప్పు ఏరడం పూర్తిచేశాను.

ఆమె పేరు నాకు తెలుసు. రాయను. కాలనీలో ఎవరూ ఆమెను పేరుతో పిలిచిన పాపాన పోలేదు, అందరికీ ఆకులామే. బతికినన్నాళ్లూ పిలవని పేరును ఇప్పుడు కాగితం మీద పెట్టి మర్యాద చేయబోవడం నాకు నచ్చలేదు. నేను అత్తా అనేదాన్ని. ఆమె బిడ్డా అనేది. అందర్నీ అలాగే అనేది లెండి, అందులో నా గొప్పేమీ లేదు.

కోయ మనిషి. సారపాక నుంచి బస్సెక్కి, దిగి, అడవిలో గంట నడిస్తే వాళ్ల ఊరు. అడ్డాకు కోసుకొచ్చి ఎండబెట్టి, సన్నటి వెదురు పుల్లలతో విస్తళ్లు కుట్టి మోపు నెత్తిన పెట్టుకుని వచ్చేది. పొట్టి మనిషి. మోపు కింద మనిషి ఉందో లేదో దూరం నుంచి తెలిసేది కాదు, ఆకులే నడిచొస్తున్నట్టు ఉండేది. కొంగు మూటలో పుల్లల కట్ట, పెదవుల మధ్య ఎప్పుడూ ఒక పుల్ల. మాట్లాడాల్సి వస్తే దాన్ని నాలుకతో మూలకు తోసి మాట్లాడి, మళ్లీ మధ్యకు తెచ్చుకునేది. ఆకు మడవడం, పుల్ల గుచ్చడం, తుంచడం, మూడూ ఒకే కదలికలో అయిపోయేవి. చూస్తూ కూర్చుంటే మనకు పని గుర్తుకొచ్చేది కాదు.

ఆకులు అమ్మే మనిషి పిలుపుల పని ఎలా నెత్తికెత్తుకుందో చెప్పాలి. ఎనభైల మొదట్లో మా కాలనీ అప్పుడప్పుడే నిండుతోంది. కాగితం మిల్లులో ఉద్యోగాలకు నాలుగు దిక్కుల నుంచి వచ్చిన వాళ్లం. ఎవరి మర్యాద వాళ్లది. మా వరసలో చివరి క్వార్టరాయన కృష్ణా ఒడ్డు మనిషి. కొడుక్కి అన్నప్రాశన పెట్టుకున్నాడు. నాలుగు మూలలా పసుపు రాసిన కార్డులు తనే ఇంటింటికీ పంచాడు. అందరూ వస్తామన్నారు. ఆ రోజు షామియానా కింద చాపలు పరిచారు, గుండిగల్లో అన్నం పొగలు కక్కుతోంది. పన్నెండున్నర అయింది. పందిట్లో పట్టుమని పదిమంది లేరు. ఆయన గేటుకీ వంటల దగ్గరికీ తిరుగుతున్నాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"కార్డులు ఇచ్చానండీ! చేతికిచ్చానండీ! ఏం తప్పు చేశానని ఇలా అలిగారండీ?"

ఆకులు దించి ఓ పక్కన కూర్చున్న ఆమె పుల్లను మూలకు తోసింది.

"అలగలేదయ్యా. స్నానాలు చేసి, మంచి బట్టలు కట్టుకొని గుమ్మాల కాడ కూసున్నరు. నేనొచ్చేటప్పుడు చూసిన."

"మరి రారేం?"

"అన్నం దించినంక మనిషొచ్చి లెమ్మనాలె గద. పిల్లలు ఆకలని ఏడుస్తుండ్రు గూడ."

ఆయనకు అర్థం కాలేదు. ఆయన వైపు కార్డు ఇస్తే పిలిచినట్టే. మా వైపు కార్డు అనేది ఫలానా రోజున పిలవబోతున్నామని చెప్పడం. అసలు పిలుపు వంటయ్యాక వస్తుంది. అది రాకుండా వెళ్తే తిండికి ముఖం వాచినవాళ్లమని అనుకుంటారని మా భయం. అలా ముప్పై ఇళ్ల వాళ్లు నగలు పెట్టుకుని ఆకలితో కూర్చున్నారు. అందులో నేనూ ఉన్నాను.

ఆమె లేచింది. ఒక్కో గుమ్మం ముందూ ఆగి, "ఆకులేసినం, లేవుండ్రి" అంటూ పోయింది. మా ఎదురు క్వార్టర్లో స్టోర్సులో పనిచేసే పెద్దాయన, "ఇప్పుడా పిలిచేది?" అని మూతి ముడిచాడు.

"ఇప్పుడే గదయ్యా అన్నం ఉడికింది. ఉడకని అన్నానికి పిలుస్తరా ఎవరన్నా?" అంది ఆమె.

పెద్దాయనకు నవ్వొచ్చింది. పావుగంటలో పందిరి నిండింది. ఆ తర్వాత మా కాలనీలో ఏ శుభకార్యమైనా కార్డులు పంచేది ఇంటివాళ్లు, జవాబు రానిచోటికి ముందే మళ్లీ వెళ్లేదీ, వంటయ్యాక లెమ్మనేదీ ఆమె. ఎవరూ నియమించలేదు. ఎన్ని ఆకులు కుట్టాలో తెలియాలి కాబట్టి ఆమె వెళ్లేది.

ఆమె ఎవరినీ "వస్తున్నారా?" అని అడగలేదు. అదే ఆమె గొప్పతనం. ఆ ప్రశ్న వేస్తే మనిషి ఇరుకున పడతాడు, నోటికొచ్చిన అబద్ధం చెబుతాడు. ఆమె మోపు దించి ముందు మంచినీళ్లు అడిగేది. దాహం ఉన్నా లేకపోయినా అడిగేది. నీళ్లు ఇచ్చిన చేత్తో ఎవరూ కసురుకోలేరని ఆమె లెక్క. తాగాక, "అమ్మా, ఆకులు కుడుతున్న. మీ పెద్దాయనకు పెద్దాకు కుట్టాల్నా? పిల్లలకు దొన్నెలు ఎన్ని కావాలె?" అనేది. రాదల్చుకున్న వాళ్లు దొన్నెలు ఎన్నో చెప్పేవాళ్లు. రాకూడదనుకున్న వాళ్లు ముందు కాసేపు ఆగేవాళ్లు. ఆ కాసేపే ఆమెకు జవాబు.

ప్రతి మనిషికీ ఒక పుల్ల. వచ్చేవాళ్ల పుల్ల నిలువుగా ఉంచేది. రానివాళ్లది రెండుగా విరిచేది. తేలని వాళ్ల పుల్లను విరగకుండా వంచి పెట్టేది. కుట్టేటప్పుడు వంచిన పుల్లలకు కూడా ఆకు కుట్టేది. ఎందుకని నేను అడిగితే, "వంగింది ఎటన్నా పోతది బిడ్డా. వచ్చినోళ్లకు ఆకు లేకుంటే మనం రమ్మన్నట్టా, పొమ్మన్నట్టా?" అంది.

ఎవరైనా రాలేమని చెప్పి కారణాలు మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టేది.

"కారణం చెప్పకు తల్లీ. చెప్తే నేను మోసుకపోయి ఆళ్లకు చెప్పాలె. నెత్తిన ఆకులే బరువున్నయి."

చూస్తాం అన్నవాళ్లు వస్తారనీ, తప్పకుండా అన్నవాళ్లు రారనీ ఆమె అనుభవం. "తప్పకుండా" అని గట్టిగా వినబడగానే నోట్లో పుల్లను తీసి, ఒకసారి మనిషి ముఖంలోకి చూసి, "మంచిది" అనేది. తర్వాత మలుపు తిరిగాక ఆ పుల్లను వంచేది. విరిచేది కాదు.

ఇక నా సంగతి. మాది కులం దాటిన పెళ్లి. మాది కల్లూరు. మా నాన్నకు పొలమూ ఉంది, పరువూ ఉంది, ఆ రెంటికీ గట్లు కూడా ఉన్నాయి. నేను గట్టు దాటాక మూడేళ్లు అక్కడి నుంచి ఒక్క ఉత్తరం రాలేదు. పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెలో వేయాలనుకున్నాం. కల్లూరుకు కార్డు పోస్టు చేశాను. జవాబు లేదు. అమ్మ పేరు మీద విడిగా ఉత్తరం రాశాను. దానికీ లేదు. బాలింతను, పగలంతా పోస్టుమాన్ సైకిలు చప్పుడు కోసం వింటూ పడుకునేదాన్ని. అన్నం సయించేది కాదు. అమ్మ ఒక్కసారి వచ్చి పాపను చూస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

ఆకులు ఎన్నో అడగడానికి ఆమె వచ్చింది.

"మీ తల్లిగారి దిక్కు నుంచి ఎందరు?"

"ఎవరూ రారు అత్తా."

"రామన్నరా?"

"ఏమీ అనలేదు."

"అనకముందే నువ్వెట్ల ఇరుస్తవు బిడ్డా?" అని రెండు పుల్లలు తీసి విడిగా పెట్టుకుంది. "ఏ ఊరు?"

"కల్లూరు. నువ్వు వెళ్లొద్దు. మా నాన్న మంచివాడు కాదు."

"పెనుబల్లి దాకా మిరపకాయ ఏరను పోయిన. ఆడి నుంచి కల్లూరెంత?" అంది. నాన్న సంగతి విననట్టే ఊరుకుంది.

ఆమె కల్లూరు వెళ్లొచ్చిందని నాకు మూడో రోజు తెలిసింది. అక్కడ జరిగింది ఆమె కొంత చెప్పింది, అమ్మ చాలా కాలానికి కొంత చెప్పింది. మా వాకిట్లో మోపు దించి కూర్చుందట. నాన్న మంచం మీద ఉన్నాడు. పాప పురుడు ఫలానా రోజు, పెద్దోళ్లకు ఆకులు వేరే కుట్టాలె, మీరెందరైతరు అయ్యా, అని అడిగింది.

"అక్కడ మాకెవరూ లేరు" అన్నాడట నాన్న.

"మంచిది అయ్యా. లేరంటే లేరు. జరన్ని మంచినీళ్లు ఇప్పిచ్చుండ్రి."

అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. మా ఇంట్లో ఆమెలాంటి వాళ్లకు చెంబు చేతికివ్వరు, ఎత్తి పోస్తారు. ఆమెకు అది తెలియనిదేం కాదు. మోపులోంచి ఒక ఆకు లాగి, దొన్నె మడిచి, పుల్ల గుచ్చి ముందుకు పట్టింది. అమ్మ పోసింది. తాగి, దొన్నె చేత్తోనే పట్టుకుని మోపెత్తుకుని కదిలింది. అమ్మ చెత్త పారేసే వంకతో దడి దాకా వెనకాలే వచ్చింది.

"పిల్ల ఎట్లుంది?" అని మెల్లగా అడిగింది.

"ఏ పిల్ల? చిన్నదా, పెద్దదా?"

అమ్మ చేట నోటికి అడ్డం పెట్టుకుందట. అమ్మ ఏడుపు ఆగేదాకా ఆమె అక్కడే ఉంది.

"చిన్నది పాలు తాగుతుంది, నిద్రపోతుంది. పెద్దదే తింటలేదు" అని ఒక పుల్ల అమ్మ చేతిలో పెట్టింది. "మీరు నోటితో చెప్పొద్దు, ఇనబడుతది. రారంటే ఇరువుండ్రి. చూస్తమంటే వంచుండ్రి."

అమ్మ వెనక్కి తిరిగి నాన్న వైపు చూసింది. పుల్లను వంచి ఇచ్చింది.

ఆ పుల్లను తెచ్చి ఆమె నా అరచేతిలో పెట్టింది. పచ్చి వెదురు పుల్ల, మధ్యలో గోటితో నొక్కిన గుర్తు. మూడేళ్లలో మా అమ్మ నుంచి నాకొచ్చిన మొదటి కబురు అదే. దాన్ని పట్టుకుని నేను ఎంతసేపు ఏడ్చానో చెప్పలేను. అప్పుడు ఏడుపు బాగానే వచ్చేది నాకు. ఆమె "ఇటియ్యి బిడ్డా, కుట్టను కావాలె" అని తీసేసుకుంది.

అమ్మ రాలేదు. ఆ రోజు ఆడవాళ్ల వరసలో మొదటి చాప మీద ఒక ఆకు వేసి ఉంచారు. పప్పు, కూర కూడా వడ్డించబోతే ఆమె వద్దంది. మూడు వరసలు లేచాయి. ఆ ఆకు అలాగే ఉంది. చివర్లో ఆమె దాన్ని తుడిచి, నాలుగు మడతలు పెట్టి మా వంటింటి అటక మీద దోపింది.

"ఎండుతది గని చెడదు. నీళ్లు చల్లితే మెత్తగైతది."

అమ్మ పాపకు ఆరో నెలలో వచ్చింది. భద్రాచలం రాముడి దర్శనానికని నాన్నకు చెప్పి బయల్దేరి, గోదావరి దాటకుండా మా దగ్గర ఆగిపోయింది. నేను అటక మీది ఆకు దించి నీళ్లు చల్లాను. నిజంగానే మెత్తబడింది. అమ్మ అందులో అన్నం తింది, పాపను ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో తింది. తర్వాత ఏటా రాముడికి మా అమ్మ మీద భక్తి పెరుగుతూ పోయింది.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే బాగుంటుంది. నేను మంచిదానిలా మిగులుతాను.

పాపకు నాలుగేళ్లప్పుడు ఒక రోజు ఆమె మోపు లేకుండా వచ్చింది. నెత్తిమీద ఏమీ లేని ఆమెను నేను అంతకు ముందు చూడలేదు. ఉతికిన చీర, తడితల, నోట్లో పుల్ల మాత్రం ఉంది. నీళ్లు అడగలేదు. గుమ్మం అవతలే నిలబడింది.

"బిడ్డా, మా పిల్ల పెండ్లి. బుధవారం. మీరంత రావాలె" అంది గబగబా. ఊరందరి పిలుపులూ పిలిచిన మనిషికి తన పిలుపు వచ్చేసరికి మాట తడబడింది. దొన్నెలు ఎన్ని కావాలని అడగలేదు.

"తప్పకుండా వస్తాం అత్తా" అన్నాను.

ఆమె పుల్ల తీసి ఒకసారి నా ముఖంలోకి చూసింది.

"మంచిది" అంది.

పక్క గుమ్మానికి పోయింది. ఆమె పిలిచింది పద్నాలుగు ఇళ్లను. పద్నాలుగు ఇళ్ల వాళ్లమూ తప్పకుండా అన్నాం.

ఆ సాయంత్రం నుంచే ఆడవాళ్ల మధ్య మాటలు మొదలయ్యాయి. అక్కడ ఏం వండుతారో, ఎక్కడ కూర్చోబెడతారో, గూడెంలో తిని వస్తే నలుగురూ ఏమంటారో. ఎవరితోనైనా ఒక చీర పంపిద్దాం, పెద్దరికంగా ఉంటుంది, అంది ఒకావిడ. అదీ పంపలేదు. నేను మాత్రం వెళ్లాలనే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. నీలం చీర ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను.

మంగళవారం అమ్మ దిగింది. బుధవారం పొద్దున్న చీర చూసి ఎక్కడికని అడిగింది. చెప్పాను.

"పోయి అక్షింతలేసి రా. తినకు" అంది అమ్మ.

"తినకపోతే పోవడమెందుకమ్మా?"

అమ్మ నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"మీ నాన్న మనసు ఇప్పుడిప్పుడే మెత్తబడుతున్నది. ఉగాదికి మిమ్మల్ని రమ్మందామా అని మొన్న ఆయనే అన్నడు. ఇప్పుడు నువ్వు గూడెంల కూసోని తిన్నవని తెలిస్తే మళ్ల మొదటికొస్తది. నా మాట విను. ఈ ఒక్కసారికి."

మా నాన్న గట్టు దాటి పెళ్లి చేసుకున్నదాన్ని నేను. వేరే కులం ఇంట్లో ఏడేళ్లుగా వండుకు తింటున్నదాన్ని. నా కోసం కల్లూరు దాకా వెళ్లి, దొన్నెలో నీళ్లు పోయించుకుని, ఈ అమ్మనే నా దగ్గరికి నడిపించుకొచ్చిన మనిషి ఇంట్లో అన్నం తినడానికి నేను ఆగిపోయాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని ఆపలేదు. పది గంటలకు బస్సు కాలనీ గేటు దగ్గర ఆగింది, హారను కొట్టింది, పోయింది. నేను చీర మడిచి బీరువాలో పెట్టాను. మధ్యాహ్నం అమ్మా నేనూ స్టీలు కంచాల్లో తిన్నాం. బెండకాయ పులుసు. అది మాత్రం బాగా గుర్తుంది.

సాయంత్రం నీళ్ల పంపు దగ్గర పద్నాలుగు ఇళ్ల వాళ్లమూ కలిశాం. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఎవరో అన్నారు, "రెండోసారి పిలవలేదుగా మరి. ఒకసారి చెప్పి వెళ్లిపోయిందాయె. ఎట్లా పోతాం?" అందరం అవునన్నాం. నేను కూడా. ఆ మాట అందరికీ చాలా హాయిగా కుదిరింది.

వారం తర్వాత ఎవరింట్లోనో వ్రతానికి ఆకులు ఎన్నో అడగడానికి ఆమె వచ్చింది. పాపకు జ్వరం వచ్చిందని చెప్పాలని నేను వారం నుంచీ కూడబలుక్కుని ఉన్నాను. ఎన్ని డిగ్రీలో కూడా అనుకుని పెట్టుకున్నాను. ఆమె మోపు దించి మంచినీళ్లు అడిగింది. నీళ్లు తాగుతూ దండెం మీద ఆరేసిన నేత చీర చూసింది. అమ్మ ఇంకా వెళ్లలేదు.

"అమ్మొచ్చిందా?" అంది.

"వచ్చింది."

"ఎన్నడొచ్చింది?"

"మంగళవారం."

"మంచిగైంది" అంది. గ్లాసు కడిగి గోడ మీద బోర్లించింది. "వ్రతం కాడికి మీ ఇంటికి ఎన్ని దొన్నెలు పెట్టమంటవు బిడ్డా?"

అంతే. ఆ రోజే కాదు, తర్వాత పన్నెండేళ్లలో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి ఎందుకు రాలేదని అడిగి ఉంటే ఏడ్చి కాళ్లు పట్టుకునేదాన్నేమో. అడగలేదు. జ్వరం అబద్ధం నా నోట్లోనే ఉండిపోయింది. ఎదురుగా కూర్చుని కుట్టేటప్పుడు ఇంతకుముందులాగే మాట్లాడేది, నేనే మాట్లాడలేకపోయేదాన్ని. నాలో ఏదో మొద్దుబారిపోవడం అప్పుడు మొదలైంది. మొద్దుబారితే సుఖంగానే ఉంటుంది.

ఆ ఉగాదికి నాన్న పిలిచాడు. వెళ్లాం. మర్యాదకేం లోటు లేదు. నాకు కొత్త చీర పెట్టారు. ఏదో గెలుచుకుంటాననుకున్నాను, తిని పడుకుని లేచి వచ్చేశాం.

తర్వాత కాలనీలోకి కాగితం ప్లేట్లు వచ్చాయి, బఫేలు వచ్చాయి. ఎవరు ఎప్పుడొచ్చినా నిలబడి తినిపోవచ్చు కాబట్టి ఎవరొస్తున్నారో ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆమె రావడం తగ్గింది. మా ఆయన ఉద్యోగం మారి మేము ఖమ్మం వచ్చేశాం. వచ్చేటప్పుడు ఆమెకు చెప్పిరాలేదు.

చావింటికి పిలుపులుండవంటారు, తెలిస్తే పోవడమే. ఎల్లుండి అన్న రోజున నేను పొద్దున్నే బస్సెక్కాను. ఎందుకు వెళ్తున్నావని ఆయన అడిగితే, చూసొస్తానన్నాను. సారపాకలో ఇంకో బస్సు మారి, దిగి, దారి అడుగుతూ అడవిలో నడిచాను. ఆ రోజు పది గంటల బస్సెక్కి ఉంటే ఇదే దారి. పెద్ద దూరమేమీ కాదు.

ఇంటి ముందు పందిరి కింద రెండో వరస తింటున్నారు. సారపాకలో కొనుక్కొచ్చినట్టున్నారు, అన్నీ కాగితం ప్లేట్లు. వాళ్లలో వాళ్లు కోయలో మాట్లాడుకుంటున్నారు. నేను పందిరి గుంజ పక్కన నిలబడ్డాను. వడ్డిస్తున్న ఒకామె గరిటె పక్కవాళ్లకిచ్చి నా దగ్గరికి వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి. పొట్టి మనిషి. పెదవుల మధ్య పుల్ల లేదు గానీ, మిగతాదంతా ఆమే.

"నువ్వు కాలనీల అక్కవు గద. కల్లూరు అక్కవు" అంది.

"అవును."

"మా పెండ్లికి రాలే."

"రాలేదు" అన్నాను. ఇన్నేళ్లకు ఒకరు అడిగారు. కారణం అడగలేదు, నేనూ చెప్పలేదు.

"పద్నాలుగిండ్లోళ్లు తప్పకుంట అన్నరు, ఒక్కరు గూడ రారు అని అమ్మ ముందే చెప్పింది. అయినా అందరికి ఆకులు కుట్టింది. మల్లొకసారి పోయి పిలువరాదే అన్నడు మా నాయిన. మళ్ల పిలిస్తే ఆళ్లు మళ్ల అబద్ధమాడాలె, పాపం, అన్నది."

నేను నేలవైపు చూస్తూ నిలబడ్డాను.

"అన్ని ఆకులు ఎవరో ఒకరు తిన్నరు. నీ ఆకు ఒక్కటి మడిచి అటక మీద పెట్టింది. ఆ పిల్ల ఎప్పుడన్న వస్తది అన్నది. రెండు వానకాలాలు ఉన్నది. చెదలు పట్టినంక పొయ్యిల పెట్టింది."

ఆమె గొంతులో కోపం లేదు. వాళ్లమ్మలాగే, జరిగింది జరిగినట్టు చెప్పింది. కోపం ఉంటే నాకు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. కళ్లు మంటగా ఉన్నాయి, పొడిగానే ఉన్నాయి.

"తింటవా?" అంది సూటిగా. వాళ్లమ్మ జీవితంలో ఎవర్నీ అలా అడిగి ఉండదు.

తల ఊపాను.

ఆమె కాగితం ప్లేటు ఒకటి తీసి, ఒక క్షణం చూసి, పక్కన పెట్టింది. ఇంట్లోకి వెళ్లి ఒక ఆకుల కట్ట తెచ్చింది. సగం ఎండి ఉన్నాయి, అంచులు ముడుచుకున్నాయి.

"జ్వరం రాకముందు అమ్మ కోసుకొచ్చింది. కుట్టలే."

గుమ్మంలో కూర్చుని నీళ్లు చల్లింది. చూరులోంచి పుల్లలు లాగి ఒకటి పెదవుల మధ్య పెట్టుకుంది. ఆకు మడిచింది, గుచ్చింది, తుంచింది. తల్లి అంత చురుకు లేదు, రెండుసార్లు ఆకు చిరిగితే మార్చింది. పందిట్లో వరస లేచింది. ఇంకో వరస కూర్చుంటోంది.

మధ్యలో ఒకసారి తలెత్తింది.

"తినే పోతవు గద?"

నాలుక చివరి దాకా వచ్చిన మాటను ఆపుకున్నాను. వెళ్లి వరస చివర, నేలమీద కూర్చున్నాను.